లాస్ట్ ఫేజ్ సీటు, ఐదు పాయింట్లు: నరైన్ కార్తికేయన్ గురించి నేను చదువుకున్నది

ఈ సంచికకి "ఒక క్రీడాకారుడి జీవితం" మీద వ్యాసం రాయాలని క్లబ్ మీటింగ్‌లో అనుకున్నాం కదా. మన జిల్లా వాళ్ళని సీనియర్లు ముందే పట్టేసుకున్నారు. కరణం మల్లేశ్వరి ఒకక్కకి, కోడి రామ్మూర్తి ఒకన్నకి వెళ్ళిపోయారు. మిగిలిన క్రికెటర్లని మా బ్యాచ్ వాళ్ళు పంచుకున్నారు. నాకు ఎవరూ మిగల్లేదు. అందుకని ఎవరూ అడగని ఆట ఒకటి తీసుకున్నాను: కారు రేసింగ్.

ఇంట్లో ఈ మాట చెప్తే మా తాత నవ్వాడు. "ఏట్రా, కారు తోలినోడి మీద కూడా పాఠాలు రాస్తారేటి? అలాగైతే మీ నాన్న మీద రాయి ముందు" అన్నాడు. మా నాన్న లారీ డ్రైవర్. పలాస నుంచి జీడిపప్పు లోడ్లు వేసుకుని చెన్నై వైపు వెళ్తుంటాడు. తాత నవ్వులాటకే అన్నాడు గానీ, చదువుతూ పోతే ఆ మాట కూడా ఈ వ్యాసంలోకి వచ్చేసింది. చదివితే మీకే తెలుస్తుంది.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడవు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

అసలు నాకెందుకు ఈ గొడవ

నాకు కంప్యూటర్ సైన్స్ సీటు లాస్ట్ ఫేజ్ కౌన్సెలింగ్‌లో వచ్చింది. ఫస్ట్ ఫేజ్‌లో వచ్చింది సివిల్. మంచి ర్యాంకు వాళ్ళు కొందరు విశాఖ, హైదరాబాద్ కాలేజీలకి వెళ్ళిపోతే ఇక్కడ సీట్లు ఖాళీ అయ్యాయి. అలా నాకొకటి దొరికింది. చేరిన మొదటి వారంలోనే ఒకడు "నీది లాస్ట్ ఫేజ్ కదా" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు. నేనే దాన్ని రెండేళ్ళుగా మోస్తున్నాను. డేటా స్ట్రక్చర్స్‌లో బ్యాక్‌లాగ్ పడినప్పుడు మొదట అనిపించింది కూడా అదే: ఇది నాది కాని సీటు, వేరేవాళ్ళు వదిలేస్తే వచ్చింది, అందుకే ఇలా అయింది అని.

అప్పుడే నరైన్ కార్తికేయన్ రికార్డు చూశాను. ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన మొదటి భారతీయుడు. మొత్తం 46 రేసులు, 5 పాయింట్లు. ఆ ఐదూ ఒకే రోజు వచ్చాయి. ఆ రోజు 20 కార్లలో 14 కార్లు రేసు మొదలవకుండానే వెనక్కి వెళ్ళిపోయాయి. అంటే అతనిది కూడా లాస్ట్ ఫేజ్ సీటే అన్నమాట. ఇక వదలకుండా చదివాను.

మన హైవే మీద ఒక పాత రేసు ట్రాక్

మన కాశీబుగ్గ, టెక్కలి పక్క నుంచి వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి కోల్‌కతా నుంచి చెన్నై దాకా ఉంటుంది. దాని మీద దక్షిణానికి వెళ్తూ ఆంధ్రా దాటి, చెన్నైలోకి వెళ్ళే ముందు షోలవరం అనే ఊరు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడ ఉంది. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టాక, ఆ రన్‌వే మీదే ఏళ్ళ తరబడి కార్ల రేసులు, మోటార్‌సైకిళ్ళ రేసులు జరిగాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సరైన ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసింగ్ అంటే షోలవరమే.

పాత విమానాశ్రయాల మీద రేసులు అనేది బ్రిటన్‌లో కూడా ఉన్నదే. యుద్ధం అయిపోయాక అక్కడ బోలెడు ఖాళీ రన్‌వేలు మిగిలాయి. సిల్వర్‌స్టోన్ అలా వచ్చిందే. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి రేసు అక్కడే జరిగింది. ఆ తరం బ్రిటిష్ డ్రైవర్లు చాలామంది అలాంటి రన్‌వేల మీద నేర్చుకుని ప్రపంచం మీదకి వెళ్ళారు.

వాళ్ళలో అందరికంటే పేరున్నవాడు స్టిర్లింగ్ మాస్. 1929లో పుట్టాడు, 2020లో చనిపోయాడు. 1955 నుంచి 1958 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. ఒక్కసారి కూడా మొదటి స్థానం రాలేదు. 1958లో పోర్చుగల్ రేసులో తన ప్రత్యర్థి మైక్ హాథార్న్‌ని అధికారులు అనర్హుడిని చేయబోతే, మాసే వెళ్ళి అతని తప్పేం లేదని సాక్ష్యం చెప్పాడు. హాథార్న్ పాయింట్లు అతనికే ఉండిపోయాయి. సీజన్ చివర్లో హాథార్న్ ఒక్క పాయింటు తేడాతో చాంపియన్ అయ్యాడు. మాస్ మళ్ళీ రెండోవాడు. నాకు కప్పు గెలిచినవాళ్ళ కంటే ఇతనే ఎక్కువ గుర్తున్నాడు.

ఐదు మీటర్ల కాగితం

మాస్ గురించి సీఎస్ఈ వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇటలీలో మిల్లే మిల్యా అనే రేసు జరిగేది. మామూలు రోడ్ల మీదే, బ్రెషియా నుంచి రోమ్ వెళ్ళి మళ్ళీ బ్రెషియాకి రావాలి. దాదాపు 1600 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మన 16వ నంబరు హైవే మొత్తం పొడవంత. అంత దారిలో మలుపులన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

1955లో మాస్ పక్క సీట్లో డెనిస్ జెంకిన్సన్ అనే పాత్రికేయుడు కూర్చున్నాడు. రేసుకి ముందే ఇద్దరూ ఆ దారంతా తిరిగి, ఏ మలుపు ఎంత ప్రమాదమో, ఏ ఎత్తు దాటాక రోడ్డు ఎటు తిరుగుతుందో రాసుకున్నారు. దాన్ని సుమారు 5 మీటర్ల పొడవున్న కాగితం చుట్టగా చేసి చిన్న పెట్టెలో పెట్టారు. రేసులో జెంకిన్సన్ ఆ చుట్ట తిప్పుతూ చేతి సైగలతో చెప్పేవాడు. ఇంజన్ మోతలో మాట వినపడదు కదా. మాస్ ఆ సైగల్ని నమ్మి, అవతల ఏముందో కనిపించని ఎత్తుల మీద కూడా వేగం తగ్గించలేదు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో రేసు ముగించాడు. సగటు వేగం గంటకి 157 కిలోమీటర్ల పైనే.

మన భాషలో చెప్పాలంటే అది లుకప్ టేబుల్. రన్ టైమ్‌లో లెక్క కట్టే టైమ్ లేనప్పుడు ముందే లెక్క కట్టి దాచుకోవడం. ఇది మా నాన్నకి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "నక్కపల్లి దగ్గర పశువులడ్డొస్తాయి, నెల్లూరు దాటాక గాలి పక్క నుంచి కొడతాది, ఇయ్యన్నీ ఎవుడైనా రాసిచ్చాడేటి? తిరిగితే తెలుస్తాది" అన్నాడు. తేడా ఏంటంటే జెంకిన్సన్ కాగితం మీద రాశాడు, మా నాన్న తలలో రాసుకున్నాడు. పని మాత్రం ఒక్కటే. తాత చెప్పింది పూర్తిగా తప్పేం కాదు.

అయితే ఆ రేసు రెండేళ్ళకే ఆగిపోయింది. 1957లో ఒక కారు రోడ్డు పక్కనున్న జనం మీదకి దూసుకెళ్ళి చాలామంది చనిపోయారు. జనం తిరిగే రోడ్డు రేసులకి పనికిరాదని ఇటలీకి అప్పుడు తెలిసింది. రాత్రిపూట హైవే మీద బైకులతో రీల్స్ తీసే మా ఫ్రెండ్స్‌కి ఈ పేరా ప్రత్యేకం. లెక్క కూడా చూడండి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుంది. పొడి రోడ్డు మీద 40 వేగంలో సుమారు 9 మీటర్లు, 80లో 36 మీటర్లు, 120లో 80 మీటర్లు. చెయ్యి బ్రేకు మీదకి వెళ్ళే లోపల బండి పోయే దూరం దీనికి అదనం. ఇంటర్ ఫిజిక్స్‌లో అందరం చేసిన లెక్కే ఇది.

కోయంబత్తూరు కుర్రాడు

ఇప్పుడు నరైన్ దగ్గరికి వస్తాను. కోయంబత్తూరు ప్రాంతంలో కొన్ని వందల ఏళ్ళ కిందట తెలుగు నేల నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. ఆ ఊళ్ళో బట్టల మిల్లులు, మోటార్లు, పంపుల పరిశ్రమ ఎదగడంలో వాళ్ళ పాత్ర పెద్దది. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, తర్వాత ఎన్నో యంత్రాలు తయారు చేసిన జి.డి. నాయుడు అక్కడివాడే. యంత్రం విప్పి చూడటం అక్కడ చిన్నపిల్లల ఆట.

ఆ ఊరి నుంచే ఎస్. కరివర్ధన్ వచ్చాడు. 1954లో పుట్టాడు. మిల్లుల కుటుంబం. షోలవరంలో రేసులు గెలిచాడు. కానీ అతను చేసిన పెద్ద పని గెలవడం కాదు. విదేశీ రేసు కారు కొనాలంటే మనవాళ్ళకి అందని ధర. అందుకని మారుతి 800 ఇంజన్ పెట్టి ఒక్క సీటు రేసు కారు ఇక్కడే తయారు చేశాడు. అదే ఫార్ములా మారుతి. మన నాన్నల కాలంలో సంతకి, పెళ్ళికి తిరిగిన ఆ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే. దాంతో ఒక తరం కుర్రాళ్ళు రేసింగ్ నేర్చుకున్నారు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఇప్పుడు కోయంబత్తూరులో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకి అతని పేరే పెట్టారు.

ఫార్ములా మారుతి తోలి పైకి వెళ్ళినవాళ్ళలో నరైన్ ఒకడు. 1977 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కూడా రేసరే, సౌత్ ఇండియా ర్యాలీ విజేత. 1992లో, అంటే పదిహేనేళ్ళకే, ఫ్రాన్స్‌లోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్‌కి వెళ్ళాడు. తర్వాత బ్రిటన్. 1994లో అక్కడి ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచాడు. యూరప్‌లో ఒక చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు. 1996లో ఫార్ములా ఆసియా చాంపియన్. ఆ తర్వాత 1998 నుంచి బ్రిటిష్ ఫార్ములా త్రీ.

2000లో అతను తోలింది స్టీవర్ట్ రేసింగ్ జట్టుకి. ఆ జట్టు వెనకున్న జాకీ స్టీవర్ట్ మాస్ తర్వాతి తరం బ్రిటిష్ డ్రైవర్. 1969, 1971, 1973లో ప్రపంచ చాంపియన్. చిన్నప్పుడు స్కూల్లో చదవలేకపోతే మొద్దు అన్నారు. అది డిస్లెక్సియా అని నలభై దాటాక గానీ తెలియలేదు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద వానలో కారు అదుపు తప్పింది. పెట్రోలుతో తడిసిపోయి, స్టీరింగ్ కింద కాలు ఇరుక్కుని దాదాపు 25 నిమిషాలు కార్లోనే ఉండిపోయాడు. దగ్గరలో డాక్టరు లేడు, పనిముట్లు లేవు. తోటి డ్రైవర్లే ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చి స్టీరింగ్ విప్పి బయటికి లాగారు. అప్పట్నుంచి స్టీవర్ట్ ఒక స్పానర్‌ని కార్లోనే టేపు వేసి ఉంచుకునేవాడు. సీటు బెల్టులు, ట్రాక్ పక్కన కంచెలు, వైద్య సాయం ఉండాలని గొడవ చేశాడు. పిరికివాడని చాలామంది వెక్కిరించారు. అయినా ఆపలేదు. ఈ రోజు డ్రైవర్లు అంత పెద్ద ప్రమాదాల్లో కూడా నడిచి బయటికి వస్తున్నారంటే ఆ గొడవ దానికి ఒక కారణం.

నరైన్ 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు కారు టెస్ట్ చేశాడు. ఫార్ములా వన్ కారు తోలిన మొదటి భారతీయుడు. ఆ జాగ్వార్ కూడా అంతకుముందు స్టీవర్ట్ పెట్టిన జట్టే. కానీ టెస్ట్ వేరు, సీటు వేరు. రేసు సీటు రావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. రేసింగ్‌లో సీటుకి టాలెంట్ ఒక్కటే చాలదు, స్పాన్సర్ డబ్బు కావాలి. క్రికెట్ తప్ప వేరే ఆట కనపడని దేశం నుంచి ఆ డబ్బు తేవడమే పెద్ద రేసు.

ఇండియానాపొలిస్, 2005 జూన్ 19

2005లో జోర్డాన్ జట్టు సీటు ఇచ్చింది. ఆ ఏడాది గ్రిడ్‌లో వెనకుండే జట్టు అది. ఆస్ట్రేలియాలో మొదటి రేసులో నరైన్ 15వ స్థానం. అప్పట్లో మొదటి ఎనిమిది మందికే పాయింట్లు. అలాంటి కారుతో ఎనిమిదిలోకి రావడం కష్టం.

తర్వాత అమెరికా రేసు వచ్చింది. ఇండియానాపొలిస్ ట్రాక్‌లో చివరి మలుపు వాలుగా కట్టి ఉంటుంది. దాంట్లో కార్లు బాగా వేగంగా వెళ్తాయి, టైర్ల మీద భారం ఎక్కువ పడుతుంది. శుక్రవారం ప్రాక్టీస్‌లో అక్కడే రాల్ఫ్ షూమాకర్ కారు ఎడమ వెనక టైరు పోయి గోడకి కొట్టుకుంది. మిషలిన్ కంపెనీ తమ టైర్లు ఆ మలుపులో రేసంతా నిలబడతాయని హామీ ఇవ్వలేమంది. మలుపు ముందు వేగం తగ్గించే ఏర్పాటు చేయమని అడిగారు. ఎఫ్ఐఏ ఒప్పుకోలేదు. సరైన టైర్లు తెచ్చుకున్నవాళ్ళకి అది అన్యాయం అవుతుందని దాని వాదన.

ఆదివారం 20 కార్లూ ఫార్మేషన్ ల్యాప్ వేశాయి. ఆ ల్యాప్ అయ్యేసరికి మిషలిన్ టైర్ల కార్లు 14 ఒకదాని వెనక ఒకటి పిట్స్‌లోకి వెళ్ళిపోయాయి. మిగిలింది బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు: రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. డబ్బు పెట్టి వచ్చిన జనం అరిచారు, ట్రాక్ మీదకి సీసాలు విసిరారు. ఆ గోలలోనే 73 ల్యాపులు నడిచాయి. మైకేల్ షూమాకర్ గెలిచాడు. నరైన్ సహచరుడు టియాగో మోంటెయిరో మూడు, నరైన్ నాలుగు. ఐదు పాయింట్లు.

ఇదేం గెలుపు, ఆరుగురిలో నాలుగే కదా అని అనొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. పైగా అదే కారున్న మోంటెయిరోకి పోడియం దక్కింది, నరైన్‌కి దక్కలేదు. అది కూడా దాచకుండా చెప్పుకోవాలి.

కానీ రెండోసారి చదివినప్పుడు వేరేవి కనిపించాయి. ఒకటి, 14 కార్లు తప్పుకోవడంలో నరైన్ తప్పేం లేదు, గొప్పా ఏం లేదు. అది అతని చేతిలో లేదు. రెండు, ఆ 73 ల్యాపులూ ఎవరూ అతనికి బదులు తోలలేదు. ఒక్క పొరపాటు చేసి గోడకి కొట్టుకుంటే ఆ ఐదు పాయింట్లు వెనకున్న మినార్డీకి వెళ్ళేవి. మూడు, ఆ రోజు ఆ గ్రిడ్‌లో ఉండటానికి అతనికి 1992 నుంచి పదమూడేళ్ళు పట్టింది. ఖాళీ అయిన స్థానాలు ఆ రోజు గ్రిడ్‌లో ఉన్నవాళ్ళకే పనికొచ్చాయి. ఇంట్లో టీవీ చూస్తున్నవాడికి రాలేదు కదా.

ఆ తర్వాత

2006లో జోర్డాన్ సీటు లేదు. విలియమ్స్ జట్టుకి టెస్ట్ డ్రైవర్‌గా చేశాడు. 2007లో ఏ1 జీపీలో చైనాలోని జుహాయ్‌లో గెలిచాడు. ఆ సిరీస్‌లో ఇండియా జట్టుకి అది మొదటి గెలుపు. 2010లో పద్మశ్రీ వచ్చింది. 2011లో హెచ్ఆర్‌టీ అనే చిన్న జట్టుతో మళ్ళీ ఫార్ములా వన్‌లోకి వచ్చాడు. ఆ ఏడాది అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రిలో తోలి 17వ స్థానంలో ముగించాడు. సొంత దేశంలో, అందరికంటే వెనకబడ్డ జట్లలో ఒకదాని కారులో. తర్వాత జపాన్ వెళ్ళి అక్కడ కూడా చాలా ఏళ్ళు రేసులు తోలాడు. 2019లో ఫుజీలో జరిగిన సూపర్ జీటీ, డీటీఎమ్ ఉమ్మడి రేసు గెలిచాడు. అప్పటికి వయసు 42.

మన తెలుగు నేల మీద ప్రపంచ స్థాయి రేసు 2023 ఫిబ్రవరి 11న వచ్చింది. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు తిరిగాయి. అవి కరెంటు కార్లు. బ్యాటరీ ఎక్కడ ఎంత వాడాలో లెక్కేసే సాఫ్ట్‌వేర్ వాటికి ప్రాణం. మన బ్రాంచ్ వాళ్ళకి స్టీరింగ్ పట్టుకోకుండానే రేసులో పని ఉందన్నమాట.

నాకు అర్థమైంది

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఉద్దానంలో మా తాత జీడి తోట, కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. తాత మళ్ళీ మొక్కలు నాటాడు. జీడి మొక్క పిక్కలు కాయడానికే మూడు నాలుగేళ్ళు కావాలి. "కాసేసరికి ఎవుడుంటాడో ఎవుడు పోతాడో, మొక్కైతే ఉండాల కదా" అనేవాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇండియానాపొలిస్ చదివాక కొంచెం అర్థమైంది.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు లాస్ట్ ఫేజ్ సంగతి మా నాన్నకి మొదటిసారి చెప్పాను. రెండేళ్ళుగా చెప్పలేదు. ఆయన అంతా విని, "నాకు మొదటి లారీ కూడా ఇంకో డ్రైవర్ మానేస్తేనే వచ్చింది. ఆడెందుకు మానేశాడో నానడగలేదు" అన్నాడు. అంతే. తర్వాత అన్నం తినేసి లోడుకి వెళ్ళిపోయాడు.

నా డేటా స్ట్రక్చర్స్ సప్లీ వచ్చే నెల. గ్రాఫ్స్, ట్రీస్ ఇంకా మిగిలున్నాయి. జెంకిన్సన్‌లాగా ఒక పొడవాటి కాగితం మీద ఫార్ములాలు, ఎక్కడ తప్పు చేస్తానో ఆ చోట్లు రాసుకోవడం మొదలుపెట్టాను. పనిచేసిందో లేదో రిజల్ట్స్ వచ్చాక వచ్చే సంచికలో చెప్తాను. లాస్ట్ ఫేజ్‌లో వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, సాయంత్రం లైబ్రరీలో కిటికీ పక్క టేబుల్ దగ్గర ఉంటాను. వచ్చి కూర్చోండి. కలిసి చదువుకుందాం.